పచ్చదాని తోకకు తుమ్మముల్లు

పెన్‌పహాడ్ బీరన్నకు లోకంలో జీవాలు రెండే రకాలు. ఆకు తినేవి, ఆకు తిననివి. ఆకు తినేది ఏదైనా సరే, గొర్రెకు చుట్టమే. దాని జ్వరం, దాని కడుపుబ్బరం, దాని అలక అన్నీ తనకు తెలుసు. ఆకు తిననిదాని జోలికి ఆయన పోడు. యాభై ఎనిమిదేళ్లు ఈ లెక్క మీదే బతికాడు. చివరికి కోదాడ బైపాస్ పక్కన, అద్దాల పెట్టెలో కాళ్లు బార్లా చాపుకుని పడుకున్న ఒక విదేశీ బల్లి దగ్గర ఆ లెక్క కాస్తా తప్పింది.

గొర్రెల కాపరికి కోదాడ హోటల్లో ఏం పనని మీరు అడగొచ్చు. ఆయన భార్య రాములమ్మ కూడా మొదట అదే అడిగింది. కాలువ నీళ్లొచ్చాక ఊరి చుట్టూ వరి తప్ప మరొకటి లేదు. మేత బీళ్లు పోయాయి, మంద ముప్పై తలలకు తగ్గింది. ముప్పై గొర్రెల వెనకాల ఇద్దరు మనుషులు నడిస్తే గొర్రెలే నవ్వుతాయి. మందను రాములమ్మకు వదిలి, బీరన్న పని వెతుక్కుంటూ కోదాడ చేరాడు. అక్కడ హైవే మీద శోభ మేడమ్‌కు ఒక హోటల్ ఉంది. పిల్లలు ఏడ్చి మరీ కారు ఆపించాలన్న ఆలోచనతో ఆవిడ హోటల్ వెనకాల ఒక షెడ్డు వేయించి కుందేళ్లు, రంగు పిట్టలు, బాతులు పెట్టింది. అన్నిటికంటే ముందు, అద్దాల పెట్టెలో ఒక ఇగువానాను పెట్టింది. జీవాల సంగతి తెలిసిన మనిషి కావాలని అడిగితే ఎవరో బీరన్నను చూపించారు. మూడేళ్లయింది. సోమవారం సెలవు. పొద్దున్నే బస్సెక్కి సూర్యాపేటలో దిగి, అక్కడి నుంచి షేర్ ఆటోలో ఊరికి పోయి, మందను చూసుకుని, మంగళవారం పొద్దుటికి తిరిగొస్తాడు.

మొదటిరోజు ఆ జంతువును చూసి బీరన్న నాలుగడుగులు వెనక్కి వేసిన మాట నిజం. మూర పైన పొడుగు, వీపు మీద దువ్వెన పళ్లలాంటి ముళ్లు, మెడ కింద వేలాడే సంచి. ఉడుమేమో అనుకున్నాడు. ఉడుమును పెంచితే జైలేనని పెన్‌పహాడ్‌లో చిన్నపిల్లవాడికి కూడా తెలుసు.

"ఉడుము కాదయ్యా బాబూ! ఇగువానా. సముద్రం అవతల దేశాలది. కాగితాలన్నీ ఉన్నాయి నా దగ్గర" అంది శోభ.

కాగితాల మాట బీరన్నకు ఎక్కలేదు. మునగాకు రెమ్మ ఒకటి తుంచి దాని మూతి ముందు పెట్టాడు. అది ఒంటికన్నుతో ఆయన్ని, రెండో కన్నుతో ఆకును చూసింది. తర్వాత మెల్లగా, పెళ్లిభోజనంలో పెద్దమనిషిలా, ఆకును నమిలి మింగింది. ఇంకేముంది, గొర్రెల కులంలో చేరిపోయింది. గొర్రెలకు రంగుల్ని బట్టి పేర్లు పెట్టే అలవాటు కొద్దీ దానికి పచ్చది అని పేరు పెట్టాడు. రోజూ పొద్దున్న ఎండలో దాన్ని భుజం మీద వేసుకుని షెడ్డు చుట్టూ తిరిగేవాడు. అది ఆయన తువ్వాలను గోళ్లతో పట్టుకుని కళ్లు మూసుకునేది. కార్లలో వచ్చినవాళ్లు ఫోటోలు తీసుకునేవాళ్లు. ఊళ్లో ఎవరూ తనను ఇంత నమ్మి భుజం మీద నిద్రపోలేదని ఆయన వంటమనిషి ఐలమ్మతో ఒకసారి అన్నాడు. ఐలమ్మ నవ్వింది. ఆయన నవ్వలేదు.

ఇక అసలు సంగతి. పుష్యమాసం చలిలో శోభ మేడమ్ రెండో ఇగువానాను తెప్పించింది. అది ఏ దేశంలో పుట్టిందో గాని విమానంలో ఒక ఊరికి, లారీలో ఇంకో ఊరికి, చివరికి బస్సు డిక్కీలో కోదాడకు వచ్చింది. జానెడు కంటే కాస్త పెద్దది. పచ్చదానికి తోడుంటుందని మేడమ్ దాన్ని కూడా అదే పెట్టెలో వదిలించింది. నాలుగు రోజులు రెండూ ఒకే ఆకు తిన్నాయి, ఒకే కట్టె మీద పడుకున్నాయి. ఐదోరోజు పొద్దున ఆకు వేయడానికి వంగిన బీరన్న అలాగే వంగి ఉండిపోయాడు. చిన్నదాని మూతి చుట్టూ, చంకల్లో, వీపు మీద బూడిదరంగు పొక్కులు. కొన్ని కందిగింజంత, కొన్ని ఆవగింజంత. ఒకటి రెండింటి మీద నల్లటి చెక్కు కట్టింది.

బీరన్న చేతిలోని ఆకు కింద పడింది. ఆయన ఏం చూశాడో తెలియాలంటే పద్నాలుగేళ్లు వెనక్కి పోవాలి.

అప్పుడు ఆయన మందలో డెబ్బై రెండు గొర్రెలుండేవి. మిర్యాలగూడ దగ్గర ఆయన బావ మందకు పొక్కుల జబ్బు వచ్చింది. జబ్బు అని పైకి అనరు. తల్లి పోసింది అంటారు, అది కూడా గొంతు తగ్గించి అంటారు. బావకు సాయం పోయి బీరన్న మూడు రోజులున్నాడు. చచ్చిన గొర్రెల్ని సున్నం చల్లి పూడ్చాడు, ఆ మంద మధ్యనే గొంగడి పరుచుకుని పడుకున్నాడు. ఆ గొంగడి భుజాన వేసుకుని ఇంటికొచ్చాడు. కొద్దిరోజులకే తన మందలో పొక్కులు కనిపించాయి. పదకొండు మిగిలాయి. కులపోళ్లంతా దొడ్డి ముందు నిలబడి ఉండగా రాములమ్మ ఒక్క మాట అంది.

"ఈయన గొంగడే తెచ్చింది."

ఆ మాటకు ఎదురు చెప్పేవాళ్లు లేరు, బీరన్నతో సహా. గొంగడి పెట్టెలోకి పోయింది. అప్పటినుంచి ఎంత చలైనా ఆయన దాన్ని ముట్టుకోలేదు. కాపరికి గొంగడి లేకపోవడమంటే మీసం తీయించుకుని తిరగడమే. అయినా పద్నాలుగేళ్లు పాత స్వెటర్‌తో గడిపాడు. ఎవరి మందనైనా చూసొస్తే ఒళ్లు కడుక్కోందే దొడ్డిలో అడుగుపెట్టడు. తన వల్లనే అరవై ఒక్క ప్రాణాలు పోయాయని ఆయన ఎవరితోనూ అనేవాడు కాదు. మర్చిపోయింది మాత్రం ఒక్కరోజు కూడా లేదు.

కాబట్టి ఇగువానా పొక్కులు చూడగానే ఆయన బుర్ర గొర్రెల దారిలోనే పరుగెత్తింది. చిన్నదాన్ని తీసి వేరే పెట్టెలో, షెడ్డు అవతలి మూలన పెట్టాడు. షెడ్డు గుమ్మానికి వేపమండలు కట్టాడు. ఆరోజు నుంచి తాళింపు వేసిన కూర ముట్టలేదు. తల్లి దొడ్లో ఉంటే ఇంట్లో తాళింపు వాసన రాకూడదు మరి. హోటల్లో పనిచేస్తూ, నాలుగు రకాల కూరలు కళ్లముందు పెట్టుకుని, ఈయన ఉప్పేసుకుని పెరుగన్నం తినడం చూసి ఐలమ్మ తన వంట మీద అలిగాడనుకుంది. రెండ్రోజులు మొహం మాడ్చుకుని తిరిగింది పాపం.

సోమవారం వచ్చింది. బీరన్న ఊరికి పోలేదు. ఊళ్లో అది గొర్రెలు ఈనే కాలం. ముప్పైలో పద్దెనిమిది సూడివి. చలిలో పుట్టిన పిల్లను తుడిచి, పొదుగుకు అందించడానికి ఇంకో జత చేతులుండాల్సిందే. రాములమ్మకు మోకాళ్ల నొప్పి.

"ఎందుకొస్తలేవయ్యా? నాలుగు ఈనినయ్. ఒక్కదాన్ని ఎన్నిటికని సూడాలె?" అంది ఫోన్లో.

"నేను రావద్దే. ఇప్పుడు రావద్దు."

"రావద్దంటె? పానం బాగలేదా?"

"నా పానం మంచిగనె ఉన్నది."

"మరి?"

బీరన్న ఏం చెబుతాడు? తల్లి పేరెత్తకూడదు. ఎత్తినా, అద్దాల పెట్టెలో బల్లికి తల్లి పోసిందంటే పెళ్లాం నమ్మేదెట్లా? మింగలేక కక్కలేక "మళ్ల సేస్త" అని పెట్టేశాడు. ఆ మాటతో అక్కడ పెన్‌పహాడ్‌లో ఎన్ని అర్థాలు పుట్టాయో ఆయనకు తెలియదు. పొరుగింటి కృష్ణమ్మ అయితే కోదాడలో ఇంకో పొయ్యి వెలిగిందేమో కనుక్కోమని రాములమ్మ చెవిలో వేసింది. యాభై ఎనిమిదేళ్ల వయసులో, ఆ పాత స్వెటర్‌లో, బీరన్నకు అంత అదృష్టం ఎక్కడిది!

అసలు ఇది గొర్రెల తల్లేనా, కాదా? ఇది ఎవరికి అంటుతుంది, ఎవరికి అంటదు? ఆయన అడగని మనిషి లేడు. జంతువును అమ్మిన షాపువాడు ఫోన్లో, పాత తోలు పొర ఊడుతోంది, ఏం కాదు, సున్నం తక్కువైంది, పొడి కలిపి పెట్టమన్నాడు. ఐలమ్మ వచ్చి చూసి పులిపిర్లంది, వెంట్రుకతో కట్టేస్తే రాలిపోతాయంది. టీ తాగడానికి ఆగిన ఇంజనీరింగ్ కాలేజీ సారు తన ఫోన్లో ఏదో చదివి, ఇది వైరస్, తోలుకు వచ్చే వైరస్‌లు బల్లుల్లో చాలా ఉన్నాయని చెప్పి, చేతులు కడుక్కుని గబగబా కారెక్కాడు. శోభ మేడమ్ కంగారుపడి షెడ్డుకు పరదా కట్టించింది.

"మనుషులకొస్తుందా బీరన్నా? కస్టమర్లకేమైనా అయితే నా పేరు పోతుంది. సంగతేంటో తేల్చు" అంది.

తేల్చడానికి ఆయనే తేలడం లేదు. మరుసటి రోజు చిన్నదాన్ని అట్టపెట్టెలో పెట్టి, చిల్లులు పొడిచి, పైన తువ్వాలు కప్పి, బస్సెక్కి సూర్యాపేట పశువుల దవాఖానకు పోయాడు. అక్కడి డాక్టర్ ఉమారాణిది కూడా గొర్రెలు కాసిన ఇల్లే. బీరన్నను మామా అని పిలుస్తుంది. వరుసలో నిలబడ్డ గేదెలు, మేకల మధ్య ఆమె అట్టపెట్టె తెరిచి చూసింది.

"మామా, నేను అబద్ధం చెప్పను. పుస్తకంల తప్ప దీన్ని నేను ఎన్నడు సూడలె."

అయినా వదిలిపెట్టలేదు. చేతికి తొడుగులేసుకుని ఫోటోలు తీసి, హైదరాబాద్‌లో తనకు చదువు చెప్పిన సారుకు పంపి, అరగంట ఆయనతో మాట్లాడింది. ఒక పొక్కును కోసి చిన్న సీసాలో వేసింది.

"వైరస్ అనుకుంటున్నం. ఏ వైరస్సో ల్యాబోళ్లు చెప్పాలె. రెండు వారాలు పడ్తది. వేరే పెట్టు, వెచ్చగ ఉంచు, దాని ఆకుగిన్నె దానికే."

"బిడ్డా, గొర్రెలకు అంటదా?"

"నాకు తెలిసినంతవరకు అంటదు."

తెలిసినంతవరకు! ఉన్నమాట ఉన్నట్టు చెప్పే మనిషికి ఇంతకంటే మంచిమాట లేదు గాని, అరవై ఒక్క గొర్రెల్ని పూడ్చిన మనిషికి ఆ మాట చాలదు. తెలిసిన దానికి అవతల ఏముందోనని బీరన్న భయం.

"దీనికి టీకా ఉన్నదా?"

"గొర్రెలకున్నది. దీనికి లేదు మామా."

దవాఖాన బయట షేర్ ఆటోవాడు "పెన్‌పహాడ్, పెన్‌పహాడ్" అని అరుస్తున్నాడు. ఎక్కితే అరగంటలో ఇల్లు. కొత్తగా పుట్టిన పిల్లలు ఏ రంగువో కూడా ఆయనకు తెలియదు. అట్టపెట్టెను పొట్టకు అదుముకుని, అటు చూడకుండా, కోదాడ బస్సెక్కాడు. ఆ ప్రయాణంలో ఆయనకు ఏడుపొచ్చింది. కిటికీ దగ్గర కూర్చున్నాడు కాబట్టి దుమ్ము మీదకు నెట్టేశాడు.

దారంతా ఆయన మనసులో మెదిలింది మాత్రం ఒకటే, టీకా లేదు. మరి తాత కాలంలో గొర్రెలకు మాత్రం టీకా ఉందా? అప్పుడు తాత చేసిన పని బీరన్న చిన్నప్పుడు కళ్లారా చూశాడు. జబ్బు గొర్రె పొక్కు మీద ఎండిన చెక్కు తీసి, చుక్క నీళ్లలో నలిపి, తుమ్మముల్లు కొసను అందులో ముంచి, మంచి గొర్రె చెవి అంచున గుచ్చేవాడు. చెవి మీద ఒకటి రెండు పొక్కులు లేచి ఆగిపోతే ఆ గొర్రెకు ఇక జన్మలో తల్లి పోయదు. వికటిస్తే చెవి కొస పోతుంది, అంతే. మందలో సగం అలా బతికేది. అందరూ చేతులెత్తేసినప్పుడు పెద్దలు చేసిన పనే దిక్కని కాపరులకు ఒక నమ్మకం. ఆకు తినేది గొర్రెకు చుట్టమైతే, గొర్రెకు పనిచేసింది దీనికి ఎందుకు పనిచేయదు? కొరివితో తల గోక్కోవడమని మీకూ నాకూ అనిపించవచ్చు. పచ్చది కళ్లముందు కుళ్లిపోతుందేమోనన్న భయంలో ఉన్న మనిషికి అలా అనిపించలేదు.

మర్నాడు పొద్దున, హోటల్ ఇంకా తెరవకముందు, తుమ్మముల్లు తెచ్చాడు. పచ్చదాన్ని ఒళ్లో పెట్టుకున్నాడు. చెవి కోసం వెతికితే చెవే లేదు, తల పక్కన గుండ్రటి తోలుబిళ్ల ఉంది. అక్కడ గుచ్చడానికి చేతులు రాలేదు. పోతే తోక కొసే పోతుందని తోకకు గుచ్చాడు. పచ్చది ఒక్కసారి ఒళ్లు ముడుచుకుంది, మళ్లీ ఆయన తువ్వాలను పట్టుకుని కళ్లు మూసుకుంది. తనను నమ్మిన ప్రాణికి మంచే చేశానని ఆయన అనుకున్నాడు. ఎవరికీ చెప్పలేదు.

వారంలోపే తోక కొసన ఒక పొక్కు లేచింది. బీరన్న సంబరపడ్డాడు. పట్టింది, ఇక ఆగిపోతుంది అనుకున్నాడు. ఆగలేదు. మెడకు పాకింది, కంటి రెప్పల మీదికొచ్చింది. ఒక కన్ను మూసుకుపోయింది. మునగాకు పెడితే ముఖం తిప్పుకుంది, మందారం పువ్వు పెట్టినా తిప్పుకుంది. విచిత్రమేమిటంటే, అవతలి మూలన చిన్నదాని పొక్కులు ఎండి, ఒక్కొక్కటే రాలిపోతున్నాయి. జబ్బును మోసుకొచ్చింది తేరుకుంటోంది, మోసుకురానిది మంచాన పడింది. ఇదేం లెక్కో బీరన్నకు అర్థం కాలేదు. పచ్చదాన్ని భుజాన వేసుకుని షెడ్డులో తిరుగుతూ, ఇది తన ముల్లు వల్లనా, ఆ నాలుగు రోజుల తోడు వల్లనా అని తనను తానే ప్రశ్నించుకునేవాడు. ముల్లు వల్లనే అని ఆయన మనసు ప్రతిసారీ చెప్పేది. అది ఆయన్ని ఎప్పుడూ నిందించే మనసే. దానికి పాతదే అలవాటు.

మూడో సోమవారం పొద్దున పచ్చది చచ్చిపోయింది. ఆయన భుజం మీదే, తువ్వాలను పట్టుకునే.

అదే పొద్దున రాములమ్మ మందను కృష్ణమ్మకు అప్పజెప్పి, మోకాళ్లు పట్టుకుంటూ కోదాడలో బస్సు దిగింది. ఒంటి మీద గొంగడి కప్పుకుంది. పద్నాలుగేళ్ల నాటి గొంగడి. హోటల్ వెనకాల గుంత తవ్వుతున్న బీరన్న ఆమె కంటే ముందు ఆ గొంగడినే చూసి గడ్డపార వదిలేశాడు.

"అదెందుకు తెచ్చినవే?"

"సలి పెడితె తెచ్చిన. నువ్వు కప్పుకోకుంటె నేను గూడ సావాల్నా? రెండు పిల్లలు సలికి పోయినయ్, ఎరికేనా? ఏదీ, ఎవతె ఉన్నదో సూపెట్టు."

బీరన్న చూపించాడు. గుంత పక్కన గోనెసంచి మీద పచ్చది పడుకుని ఉంది. ఒళ్లంతా బూడిదరంగు పొక్కులు. రాములమ్మ వంగి చూసింది. అన్నేళ్లు మంద కాసిన మనిషికి ఎవరూ ఏం చెప్పనక్కర్లేకపోయింది. గొంగడి కొసను నోటికి అడ్డం పెట్టుకుంది.

"ఇందుకా నువ్వు రానిది?"

"ఇందుకే. నేనే సంపిన రాములమ్మా." ముల్లు సంగతంతా చెప్పాడు. శోభ మేడమ్‌కు కూడా అప్పుడే చెప్పాడు. ఆవిడకు ముల్లేమిటో, చెక్కేమిటో అర్థం కాలేదు. పెద్దాయన కళ్లలో నీళ్లు మాత్రం అర్థమయ్యాయి.

"పోనీలే బీరన్నా, బాధపడకు. చిన్నది బతికిందిగా" అని లోపలికి వెళ్లిపోయింది.

గుంతలో సున్నం చల్లుతుండగా ఉమారాణి ఫోన్ చేసింది, పక్కనున్న రాములమ్మకూ మాటలు వినబడుతున్నాయి. ల్యాబ్ కాగితం వచ్చిందట. వైరస్సే. గొర్రెల పొక్కుల వైరస్‌కు దూరపు చుట్టంలా ఉందట గాని, అది కాదట.

"గొర్రెలకు రాదు మామా. నేనొక్కదాన్ని కాదు, సారు గూడ అదే చెప్పిండు. బట్టలు మార్చుకొని ఇంటికి పో."

"పచ్చది పోయింది బిడ్డా. నా ముల్లుతోనే పోయిందా?" బీరన్న మళ్లీ అంతా చెప్పాడు.

ఉమారాణి అంతా విని చెప్పింది. "గట్ల చేయకపోతే బాగుండు మామా. కని అవి రెండూ నాలుగు రోజులు ఒక్క పెట్టెల ఉన్నయ్ కద. రెండు దార్లున్నయ్, ఏ దారిన వచ్చిందో చెప్పలేను. అంటినంక ఎన్నొద్దులకు పైకి తేల్తదో గూడ దీనికి ఎవరు రాసి పెట్టలె. గొర్రెలదంటె నీకే తెల్సు, వారం దాటాల్సిందే."

బీరన్న ఫోన్ జేబులో వేసుకుని, గుంత పూడ్చి, దాని పక్కనే కూలబడ్డాడు.

"నువ్వు పోవే. నేను రాను."

"గొర్రెలకు రాదని డాక్టరమ్మ చెప్పింది గద?"

"రోగం కాదే, నా సెయ్యి మంచిది కాదు. ఆనాడు గొంగడి, ఇయ్యాల ముల్లు. నేను ముట్టిన జీవం బత్కదు. పిల్లలున్న దొడ్లెకు నేను రాను. నువ్వే సూసుకో, లేకుంటె అమ్మెయ్."

మందను అమ్మెయ్యమని బీరన్న నోట రావడం అదే మొదటిసారి. రాములమ్మకు మోకాళ్లు నొప్పెట్టినా నేల మీద ఆయన ఎదురుగా కూర్చుంది. చాలాసేపు గొంగడి అంచులోని పోగులు పీకింది.

"నీకొకటి చెప్పాలె. తిట్టుకుంటె తిట్టుకో."

"ఏంది?"

"ఆనాడు నువ్వు మీ బావ కాడికి పోయే వారం ముందు, రెండొద్దులు సంతకు పోయినవ్ సూడు. అప్పుడు మా తమ్ముడు సాయిలు నేరేడుచర్లకెల్లి రెండు గొర్రెల్ని పట్టుకొచ్చిండు. జరమొచ్చినట్టున్నయక్కా, రెండు దినాలు నీ మందల ఉంచుకో అన్నడు. తమ్ముడాయె, కాదనలేకపోయిన. నువ్వొచ్చేటాలకు తోల్కపోయిండు. మూతి కాడ పొక్కులున్నయ్ వాటికి. నేను సూసిన."

బీరన్న ఆమెనే చూస్తున్నాడు.

"అందరొచ్చి దొడ్డి ముంగట నిలబడ్డరు. సాయిలు పేరొస్తె వాణ్ని కులంల బతకనియ్యరు. నీ గొంగడి కనవడ్డది. నోట్లకెల్లి వచ్చేసింది." ఆమె గొంగడిని ఒళ్లోకి లాక్కుంది. "వాడు పోయి రెండేండ్లాయె. అప్పుడన్న చెప్పాల్సింది. నువ్వు అడగకపోతివి, నేను చెప్పకపోతి."

నిజమేనా? లేక తనను ఇంటికి తీసుకుపోవడానికి ఇప్పుడు కల్పించిందా? రాములమ్మ అవసరమైతే అబద్ధమాడగల మనిషని ఆయనకు తెలుసు. ఇప్పుడే తెలిసింది కూడా. కోపం తెచ్చుకోవాలో, గుండె బరువు దిగిందని ఊపిరి పీల్చుకోవాలో, ఒకదానికి ముందు ఇంకోటి వచ్చి బీరన్నకు ఏదీ కుదరలేదు. చివరికి లేచి, మేడమ్‌కు వారం సెలవు చెప్పి, స్నానం చేసి, ఉతికిన బట్టలు కట్టుకుని ఆమె వెనకాల బస్సెక్కాడు. ఎందుకెక్కాడో కూడా ఆయనకు తెలియదు.

బస్సు కోదాడ దాటాక ఆయన కుడిచేతి బొటనవేలు మిగతా వేళ్ల కణుపుల మీద నడవడం మొదలుపెట్టింది. బావ మంద దగ్గరికి పోయింది సోమవారం. ఇల్లు చేరింది గురువారం, చీకటి పడేవేళ. ఆ రాత్రికి మంద బాగానే ఉంది. తెల్లారి శుక్రవారం, శనివారం. ఆదివారం పొద్దున నల్లమూతి గొర్రె మేతకు లేవలేదు, దాని తోక కింద పొక్కులు. గురువారం నుంచి ఆదివారానికి నాలుగు కణుపులు. మళ్లీ లెక్కపెట్టాడు. నాలుగే. గొర్రెకు అంటినాక పొక్కు లేవాలంటే వారం దాటాల్సిందే అన్నది డాక్టరమ్మ చెబితే తెలిసిన సంగతి కాదు, తాత నాటి నుంచి ఇంట్లో అందరికీ తెలిసిన సంగతి. ఇంకొకరి మందైతే ఈ లెక్క నిలబడ్డ చోటే చెప్పేవాడు. తన మీద నింద పడ్డప్పుడు మాత్రం లెక్కపెట్టాలనే తోచలేదు. పద్నాలుగేళ్లు తోచలేదు.

"నాలుగొద్దులకే కదనే పొక్కులొచ్చినయ్?" అన్నాడు, సూర్యాపేట వస్తుండగా.

"ఔ."

"నీకెరికేనా?"

"ఎరికే."

పచ్చదాని లెక్క కూడా కణుపుల మీద పెట్టి చూశాడు. నాలుగు రోజుల తోడు, ఆపైన ముల్లు, ఆరో రోజుకు పొక్కు. అది ఎటూ తేలలేదు. అది తేలేది కాదని ఇప్పుడు ఆయనకూ తెలుసు. ఆ బరువు మాత్రం ఆయన దగ్గరే ఉండిపోయింది.

ఇంటికి పోయి బావి దగ్గర మళ్లీ కాళ్లూ చేతులూ కడుక్కుని దొడ్లోకి వెళ్లాడు. తొమ్మిది పిల్లలు. రెండు నల్లవి, ఒకటి మచ్చలది, మిగతావి ఎర్రవి. అన్నిటినీ ఒక్కొక్కటే ఎత్తి పొట్ట నిమిరి చూశాడు. ఆ పూట నుంచి రాములమ్మతో మాట మానేశాడు. అన్నం పెడితే తిన్నాడు, నీళ్లిస్తే తాగాడు, మాట మాత్రం లేదు. కృష్ణమ్మ వచ్చి ఏమైందని అడిగినా ఇద్దరూ చెప్పలేదు. సరిగ్గా నాలుగు రోజులు.

ఐదోరోజు పొద్దున మంచు దట్టంగా పడింది. మందను తోలడానికి తడిక తీసిన బీరన్న స్వెటర్‌లో వణుకుతూ గుమ్మం దాకా వచ్చి, లోపలికి చూడకుండా అడిగాడు.

"నా గొంగడేదే?"